ఆకేరు ఇసుకకూ ఒక లెక్క రాయించండి

వరంగల్ జిల్లా కలెక్టర్ గారికి,



చిన్నప్పుడు ఎండాకాలం మా అమ్మ వెంట బిందె పట్టుకొని ఆకేరు వాగుకు పోయేవాణ్ణి. పైకి చూస్తే అంతా ఎండిన ఇసుకే. అమ్మ కూర్చొని రెండు చేతులతో తోడేది. మోచేతి లోతుకు చెమ్మ, ఇంకో జానెడు పోతే నీళ్లు. మొదట ఊరిన బురద నీళ్లను చిప్పతో పారబోసి కాసేపు ఆగితే చెలిమె తేటపడేది. మేం లేచాక గొర్ల మంద వచ్చి అక్కడే మూతి పెట్టేది.

ఇప్పుడు అదే జాగాలో నిలబడితే కాలికి గట్టినేల తగులుతుంది. చెలిమె తోడాలంటే ముందు ఇసుక ఉండాలి కదా!

నేరం ఇసుక తోలే ట్రాక్టర్ల మీద నెట్టి నేను తప్పించుకోను. మా ఇంటి స్లాబులో ఉన్నది ఆకేరు ఇసుకే. రాత్రిపూట దిగింది. రసీదు అడగలేదు, అగ్గువకు దొరికిందని సంబురపడ్డాను. మా బావిలో నీళ్లు కిందికి దిగినప్పుడు మాత్రం వానలను తిట్టాను.

ఇసుకలో దాదాపు మూడో వంతు ఖాళీలే. వాన నీళ్లు ఆగేది వాటిలోనే. ట్రాక్టరు ట్రిప్పుకు మూడు ఘనమీటర్లు అనుకుంటే, ఒక్కో ట్రిప్పుతో వెయ్యి లీటర్ల నీళ్లకు చోటు పోయినట్టే. ఇసుకకు ధర కట్టాం, ఆ చోటుకు కట్టలేదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయతో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలుకున్నాం. తవ్వితే మేలని అప్పుడు నేర్చుకున్నాం. అయితే చెరువు నీతి వేరు, వాగు నీతి వేరు. చెరువులో పూడిక తీస్తేనే నీళ్లు నిలుస్తాయి, వాగులో ఇసుక ఉంటేనే నీళ్లు నిలుస్తాయి.

వాగు ఇసుక ఇట్లా పోతున్నది చట్టం లేక కాదు. 2002లోనే నీరు, భూమి, చెట్ల చట్టం 'వాల్టా' వచ్చింది. వంతెనలు, ఆనకట్టల దగ్గర ఇసుక తీయకూడదని దాని నిబంధనలు చెబుతున్నాయి. చెరువులను, నదులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగం 51-ఏ అధికరణలో 1976లోనే రాసుకున్నాం. కాగితం మీద ఉన్నది వాగు ఒడ్డున కనిపించాలి.

ఇళ్లు కట్టుకునే పేదలకు ఇసుక ఇవ్వొద్దని నేను అనను. ఎంత ఉందో చూసి ఇమ్మంటున్నాను. వర్ధన్నపేట మండలంలో వాగు పొడవునా అక్కడక్కడ కొలత రాళ్లు పాతించండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ఇసుక మందం కొలిపించండి. ఆ అంకెను, పక్క బావుల నీటిమట్టాన్ని పంచాయతీ గోడ మీద అందరికీ కనబడేలా రాయించండి. వాన తెచ్చినదానికన్నా ఎక్కువ తీయనివ్వకండి. రోడ్లకు, సర్కారు భవనాలకు వీలైనంత రోబో ఇసుక వాడించండి.

ఆకేరు మాతో ఆగిపోయేది కాదు. మున్నేరులో కలిసి కృష్ణమ్మ దాకా పోతుంది. మా దగ్గర గుల్ల చేస్తే కింది ఊళ్లకూ ఆ గోస తప్పదు.

వచ్చే ఎండాకాలం ఒక పొద్దున ఇటు రండి సారూ. ఇసుక మిగిలిన జాగా చూసి చెలిమె తోడదాం. మోచేతి లోతుకు చెమ్మ తగలకపోతే ఆ ఏడు అక్కడ ఇసుక తీసే రేవు మూయించండి. రసీదు లేని ఇసుకతో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. కొలకర్ర పట్టుకొని ఏటా వాగులో దిగే పని నాకు రాయండి, నా బాకీ కొంత తీరుతుంది.

ఇట్లు,
ఆకేరు ఒడ్డు రైతు,
వర్ధన్నపేట