ఇల్లు దొరకదేమోనన్న తొందరలో 60 రోజుల లెక్క మరచిపోకండి

మొన్న డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. క్లయింటు ప్రాజెక్టు ఆపేసి ఐదు వారాలైందట. కన్సల్టెన్సీ వాళ్లు జీతం వేయడం లేదు. "బెంచ్ మీద ఉన్నావు కదా" అంటున్నారట. హెచ్1బీ ఉద్యోగికి బెంచ్ మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలి, లేబర్ డిపార్ట్‌మెంటుకు ఫిర్యాదు రాద్దాం అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "వద్దన్నా. ఎనిమిది నెలల కిందటే ఇల్లు కొన్నాం. వాళ్లతో గొడవ పెట్టుకుని వీసా పోతే లోను ఎవరు కడతారు?" అన్నాడు.

ఇలాంటి మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. ఇల్లు కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. పిల్లల బడి, పెరిగే అద్దెలు, ఏళ్ల తరబడి కదలని గ్రీన్‌కార్డు లైను, ఇవన్నీ ఉన్నప్పుడు సొంత ఇల్లు కావాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ ఇళ్లు తక్కువగా ఉన్న మార్కెట్టు మనల్ని తొందరపెడుతుంది. తొందరలో కొన్న ఇల్లు కన్సల్టెన్సీ ముందు మన నోరు కట్టేస్తుంది. ఈ రెండూ కలిపి చూడండి.

ఇళ్లు ఎందుకు దొరకడం లేదు?

2021 జనవరిలో 30 ఏళ్ల ఇంటి లోను వడ్డీ 2.65 శాతానికి పడిపోయింది. అంత తక్కువ వడ్డీ అంతకుముందు ఎప్పుడూ లేదు. 2023 అక్టోబరుకి అదే 7.79 శాతానికి ఎక్కింది. తర్వాత కొంత దిగినా 2025 పొడుగునా 6 శాతం పైనే ఉంది. మూడు శాతానికి లోను ఉన్నవాళ్లు ఆ ఇల్లు అమ్మేసి ఆరు శాతానికి కొత్త లోను ఎందుకు తీసుకుంటారు? ఉన్నచోటే ఉండిపోయారు. అందుకే 2024లో దేశం మొత్తం మీద పాత ఇళ్ల అమ్మకాలు దాదాపు 40.6 లక్షల దగ్గర ఆగాయి. 1995 తర్వాత ఇంత తక్కువ లేదు. అమ్మకాలు పడితే ధర తగ్గాలి కదా అనిపిస్తుంది. సరుకే లేనప్పుడు ధర ఎక్కడ తగ్గుతుంది? ఆ ఏడాది మధ్యస్థ ధర 4,07,500 డాలర్లు, అదీ రికార్డే.

అయితే అన్నిచోట్లా ఒకే పరిస్థితి లేదు. న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు కొరత గట్టిగా ఉంది. టెక్సాస్, ఫ్లోరిడాల్లో 2025 నాటికి అమ్మకానికి ఉన్న ఇళ్లు కరోనా ముందు కన్నా ఎక్కువయ్యాయి. "ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అని ఎడిసన్‌లో ఎవరైనా అంటే అందులో కొంత నిజముంది. అదే మాట ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు అంటే నమ్మే ముందు ఆగండి.

మనకి మూసుకుపోయిన తలుపు

ఎఫ్‌హెచ్‌ఏ లోనులో 3.5 శాతం డౌన్ పేమెంట్ చాలు. మనవాళ్లలో చాలామంది మొదటి ఇల్లు అలాగే కొన్నారు. 2025 మే 25 నుంచి ఆ లోను పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే పరిమితమైంది. హెచ్1బీ వాళ్లకి ఇక రాదు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ నిబంధనల కింద ఇచ్చే కన్వెన్షనల్ లోను మాత్రం చట్టబద్ధంగా ఉన్న వీసాదారులకి ఇంకా ఇస్తున్నారు. అక్కడ క్రెడిట్ స్కోరు, రెండేళ్ల ఉద్యోగ చరిత్ర, జీతం నిలకడ గట్టిగా చూస్తారు. బెంచ్ వల్ల పే స్టబ్‌లలో ఖాళీ ఉంటే ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. డౌన్ పేమెంట్ 20 శాతం కన్నా తక్కువైతే పీఎంఐ అనే బీమా కూడా నెలనెలా పడుతుంది. బాకీ ఇంటి అసలు ధరలో 80 శాతానికి దిగాక అది తీసేయమని రాసి అడిగే హక్కు మీకుంది.

మీ ముందున్న దారులు

పాత ఇల్లు: కొరత ఉన్నచోట పదిమంది పోటీ పడతారు. గెలవాలంటే ఇన్‌స్పెక్షన్ వదులుకో, లోను షరతు వదులుకో అంటారు. లోను షరతు వదులుకున్నాక ప్రాజెక్టు పోయి లోను ఆగిపోతే ఎర్నెస్ట్ మనీ, అంటే మన బయానా, పోతుంది. కాంట్రాక్టు మీద బతికేవాళ్లు ఆ షరతు మాత్రం వదులుకోవద్దు. న్యూజెర్సీలో ఏజెంటు రాసిన ఒప్పందాన్ని లాయరుకి చూపించుకోడానికి మూడు పనిదినాలు ఇస్తారు. టెక్సాస్‌లో కొద్ది డబ్బు కట్టి ఆప్షన్ పీరియడ్ తీసుకోవచ్చు. ఆ రోజుల్లో కారణం చెప్పకుండానే వెనక్కి రావచ్చు. వీటిని వాడుకోండి.

కొత్త ఇల్లు: బిల్డర్లు వడ్డీ తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపు 30 ఏళ్లకా, మొదటి రెండేళ్లకా అడగండి. 2-1 బైడౌన్ అంటే మొదటి ఏడాది రెండు శాతం, రెండో ఏడాది ఒక శాతం తక్కువ, మూడో ఏడాది నుంచి పూర్తి వడ్డీ. టెక్సాస్‌లో ఇంకో సంగతి ఉంది. కొత్త ఇంటికి మొదటి ఏడాది పన్ను చాలాసార్లు ఖాళీ స్థలం విలువ మీదే పడుతుంది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి లెక్కేస్తారు, నెలకి కట్టేది ఒక్కసారిగా ఎక్కుతుంది. కొత్త కాలనీల్లో మడ్ పన్ను, హెచ్‌ఓఏ రుసుము అదనం. ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

అద్దెలోనే ఉండటం: పెట్టుబడి పోతోందని బాధపడతాం గానీ, ప్రాజెక్టు ఇంకో రాష్ట్రానికి మారితే పెట్టె సర్దుకుని వెళ్లగలిగేది అద్దెవాళ్లే. ఐ-140 ఆమోదం రానివాళ్లు, ఏడాదిలోపు క్లయింటు మారే అవకాశం ఉన్నవాళ్లు ఈ దారిని తీసిపారేయకండి.

ఏ దారైనా, 2024 ఆగస్టు 17 నుంచి చాలాచోట్ల ఇల్లు చూపించే ముందే ఏజెంటు మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటున్నాడు. ఎంత కమిషన్, ఎన్నాళ్ల ఒప్పందం అన్నది అందులో ఉంటుంది. మనవాడే కదా అని చదవకుండా సంతకం పెట్టొద్దు. కమిషన్ బేరమాడొచ్చు.

అసలు లెక్క

4,50,000 డాలర్ల ఇల్లు అనుకుందాం. పది శాతం, అంటే 45,000 మీరు కట్టారు. 4,05,000 లోను, 6.5 శాతం వడ్డీ. నెలకి 2,560 అవుతుంది. ఏడాదికి రెండు శాతం ఆస్తి పన్ను అనుకుంటే నెలకి 750. ఇంటి బీమా 250, పీఎంఐ 150, హెచ్‌ఓఏ 60 వేసుకోండి. మొత్తం 3,770. లోను ఆఫీసరు మొదట చెప్పేది 2,560, మీ ఖాతాలోంచి పోయేది 3,770.

ఏడాది తర్వాత ఉద్యోగం పోయి అమ్మాల్సొచ్చింది, ధర పెరగలేదు అనుకోండి. మొదటి ఏడాది అసలులో తీరేది 4,500 చిల్లరే, మిగతాది వడ్డీ. అమ్మే ఖర్చు ఆరు శాతం వేసినా 27,000. మీ 45,000లో చేతికి వచ్చేది 22,500. కొన్నప్పటి క్లోజింగ్ ఖర్చులు ఎలాగూ పోయినట్టే.

హెచ్1బీ ఉద్యోగం ముగిస్తే మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు అంతకన్నా ముందుంటే ఆ రోజు వరకే. ఆలోగా కొత్త యజమాని పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. 60 రోజుల్లో ఇల్లు అమ్మి డబ్బు చేతికి రావడం మంచి మార్కెట్టులోనే కష్టం. పైగా 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఒకసారి వెళ్లిపోతే కొత్త యజమాని ద్వారా తిరిగి రావడం మునుపటిలా కాదు.

వెళ్లిపోయి, పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయ్యాక అమ్మితే ఫిర్ప్టా అనే నియమం వర్తిస్తుంది. కొనేవాళ్లు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. వాళ్లు అందులో నివాసం ఉంటామంటే, ధర మూడు లక్షల నుంచి పది లక్షల డాలర్ల లోపైతే 10 శాతం. పై ఇంటికి అది 45,000. చేతికి రావాల్సింది 22,500, పట్టుకునేది 45,000! రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది గానీ నెలలు పడుతుంది. లాభం లేదని చూపించి తగ్గించమని క్లోజింగ్‌కి ముందే 8288-బి ఫారంతో అడగొచ్చు.

అమ్మకుండా అద్దెకిద్దామన్నా కొన్ని హెచ్‌ఓఏలు ఒప్పుకోవు. కొనే ముందే ఆ నిబంధనలు తెప్పించుకుని చదవండి.

ఇంటిదగ్గర అమ్మానాన్నలకు

డౌన్ పేమెంట్ కోసం పొలం అమ్మి పంపేవాళ్లున్నారు. ఇండియాలో ఉంటున్న ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. అది మీ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది. ఆ డబ్బు కూడా చేతిలో పెట్టుకుని పంపండి. ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బహుమతి అందుకుంటే పిల్లలు ఐఆర్‌ఎస్‌కి 3520 ఫారం వేయాలి. పన్ను ఉండదు గానీ వేయకపోతే జరిమానా భారీగా ఉంటుంది. అమ్మిన పొలం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచిపెట్టండి, లోను ఇచ్చేవాళ్లు అడుగుతారు.

సంతకానికి ముందు

ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. జీతం ఆగితే ఆరు నెలల కిస్తీ, డౌన్ పేమెంట్ కాక, విడిగా ఉందా? ప్రాజెక్టు వేరే ఊరికి మారితే ఈ ఇల్లు అద్దెకివ్వచ్చా, ఆ అద్దె కిస్తీకి ఎంత తక్కువొస్తుంది? రేపు కన్సల్టెన్సీ జీతం ఎగ్గొడితే నేను అడగగలనా? మూడోదానికి "అడగలేను" అని జవాబొస్తే, ఇంకా చిన్న ఇల్లు చూడండి, లేదా ఒక ఏడాది ఆగండి.

ఇప్పటికే కొన్నవాళ్లకి ఒక మాట. బెంచ్ జీతం అడగడం వల్ల మీ వీసా పోదు. నిజానికి పే స్టబ్‌లు లేకుండా నెలలు గడిస్తేనే రేపు ట్రాన్స్‌ఫర్‌లో ఇబ్బంది. తప్పు జరిగిన 12 నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 ఫారంతో లేబర్ డిపార్ట్‌మెంటుకు ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడాన్ని చట్టం నిషేధించింది, యజమాని దానికీ జవాబు చెప్పాలి. ఫ్రిస్కో తమ్ముడికి ఇదే చెప్పాను. ఇంకా సంతకం పెట్టలేదు గానీ, ఆఫర్ లెటరు, పే స్టబ్‌లు, ఈమెయిళ్లు అన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకున్నాడు. ఆ పని మీరు కూడా ఈ రాత్రే చేయండి.