గర్భం అంటురోగమా?

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీ విమానం ఎక్కేలోపు వైద్యపరీక్షలో నెగ్గాలి. గల్ఫ్ సహకార మండలి దేశాలు గుర్తించిన కేంద్రంలోనే అది జరగాలి. క్షయకు ఛాతీ ఎక్స్‌రే, హెచ్.ఐ.వి.కి, హెపటైటిస్‌కు రక్తపరీక్ష. వీటితోపాటు గర్భపరీక్ష. గర్భం ఉందని తేలితే ఆమె ‘అన్‌ఫిట్’. అంటురోగాల సరసన గర్భాన్ని చేర్చినవారిని మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: గర్భం ఎవరికి అంటుకుంటుంది?

ఏ దేశం షరతులు ఆ దేశానివి, మనమేం చెయ్యగలమంటారు కొందరు. దేశాలన్నిటికీ వర్తించే చట్టం ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2005లో ఆమోదించగా 2007 జూన్ 15న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలకు ఇండియా, కువైట్ రెండూ బద్ధమై ఉన్నాయి. మనుషుల గౌరవాన్ని, హక్కులను పూర్తిగా పాటించాలని 3వ అధికరణం చెబుతుంది. ప్రయాణికులతో మర్యాదగా మెలగాలని, స్త్రీపురుష భేదాన్ని, సామాజిక, సాంస్కృతిక విషయాలను గమనంలో ఉంచుకోవాలని 32వది చెబుతుంది. రోగప్రమాదం ఉందో లేదో తేల్చుకోవడం వంటి అవసరాలకు తప్ప, సూది గుచ్చే తరహా పరీక్షలను ప్రవేశానికి షరతుగా పెట్టరాదంటుంది 31వది.

వినడానికి ఎంత బాగుంది! కానీ అదే 31వ అధికరణం, తాత్కాలికంగానో శాశ్వతంగానో నివాసం కోరి వచ్చేవారికి మాత్రం వైద్యపరీక్ష షరతు పెట్టుకోవచ్చంటుంది. పరీక్షలకు ప్రయాణికుల దగ్గర డబ్బు తీసుకోకూడదనే 40వ అధికరణం కూడా వీరినే మినహాయించింది. అంటే వారం రోజులు తిరిగి వచ్చే పర్యాటకుడికి రక్షణ ఉంది. రెండేళ్లు అంట్లు తోమి, పరాయి బిడ్డల్ని సాకే మన స్త్రీకి లేదు. రోగక్రిమికి వీసాల తేడా తెలియదు. ఆ తేడా తెలిసింది నిబంధనలు రాసినవారికే.

ఇందులో ఆశ్చర్యం లేదు. 1851లో పారిస్‌లో 12 దేశాలు మొదటిసారి సమావేశమైంది కూడా కలరా భయంతోపాటు, క్వారంటైన్ వల్ల ఓడల వ్యాపారం దెబ్బతింటోందన్న బెంగతోనే. రాకపోకలకు, వ్యాపారానికి అనవసరపు ఆటంకం కలగకూడదన్న మాట ఈనాటి నిబంధనల లక్ష్యాల్లోనూ ఉంది. సరుకు ఆగకూడదన్న శ్రద్ధ శ్రామికురాలి మీద ఎందుకు లేదు?

క్షయ పరీక్ష మంచిదే కదా అనవచ్చు. నిజమే, జబ్బు బయటపడినప్పుడు వైద్యం చేయిస్తే. గర్భపరీక్షకు ఆ సాకు కూడా లేదు. అది కాపాడేది ప్రజారోగ్యాన్ని కాదు, సెలవు అడగని పనిమనిషి కావాలనే యజమాని సౌకర్యాన్ని. పైగా మినహాయింపు కింద పెట్టే పరీక్షలకు కూడా మర్యాద, వివక్ష లేకపోవడం, వివరాల గోప్యత తప్పనిసరి అని 32, 42, 45 అధికరణాలు చెబుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

2024 జూన్ 1న ఆమోదించిన సవరణలతో సమానత్వం, సంఘీభావం అనే మాటలు 3వ అధికరణంలో చేరాయి. అవి 2025 సెప్టెంబర్ 19న అమల్లోకి వచ్చాయి. వలస శ్రామికుల మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. గర్భపరీక్షను ఆ జాబితా నుంచి తీసెయ్యాలి. మిగతా పరీక్షల ఖర్చు యజమాని భరించాలి. ఫలితం ఏజెంటు కంటే ముందు ఆమెకు, ఆమె భాషలో, ఆమెకు మాత్రమే చెప్పాలి. 31, 40 అధికరణాల్లోని మినహాయింపు తొలగించమని ప్రపంచ ఆరోగ్య సభలో భారత ప్రభుత్వం అడగాలి. స్త్రీలు పంపే డబ్బు కావాలి, వారి హక్కుల ఊసు వద్దు అనే ప్రభుత్వాన్ని నిలదీయాల్సింది మనమే.