దయయు హక్కును



మా మల్కాజిగిరి యింటి వంటగది కిటికీయొద్ద ఒక స్టీలు గ్లాసు బహుకాలము వేఱుగా బోర్లించి యుండెడిది. పనికి వచ్చునామె దానితోనే కాఫీ త్రాగి, తానే కడిగి, మరల నచ్చటనే యుంచెడిది. అందు దోషము కలదని నాకు తోఁచలేదు. వేడి కాఫీ యిచ్చుచుంటిని. పండుగకు చీర పెట్టుచుంటిని. కావున దయగలదాననని నమ్మియుంటిని. మొన్న మా చిన్నది రాజ్యాంగములోని 17వ అధికరణమును వల్లించుచు, "అమ్మా, అంటరానితనం రద్దయిందని ఉంది గదా, మరి ఆ గ్లాసు సంగతేమిటి?" అని యడిగెను. శుచికొఱకంటిని. "అయితే నాన్నగారి గ్లాసు వేరుగా లేదేం?" అనెను. నాకు మాట రాలేదు.

ఒకరిని మెచ్చకుండుట వేఱు; ఆ మెచ్చమిని కట్టుబాటుగా జేయఁగలుగుట వేఱు. మొదటిది మనసులోని మాట, రెండవది అధికారము. పనియామె నన్ను మెచ్చకపోయిన నాకు నష్టము లేదు. నేనామె గ్లాసును వేఱుపఱచిన నామె నోరెత్తఁజాలదు. అందఱికిని అందఱియందు నేదో యొక చిన్నచూపు గలదని తేల్చివేయువారు ఈ భేదమును గ్రహింపరు. భారతములో ద్రోణుఁడు ఏకలవ్యుని తిట్టలేదు, కొట్టలేదు. తొలుత నిషాదుఁడని శిష్యునిగా గైకొనలేదు, పిదప గురుదక్షిణ యనుచు బొటనవ్రేలడిగెను. ఆతఁడు సంతోషముతోనే యిచ్చెను. ఆ సంతోషమును చూచి ద్రోణునియందు దోషము లేదందుమా?

పేరు పెట్టుటయు నధికారములో నొక భాగమే. 1888లో మన హైదరాబాదున జన్మించిన మాదరి భాగయ్యగారు, అనఁగా భాగ్యరెడ్డివర్మగారు, ఈ సంగతిని బాగుగ నెఱిఁగినవారు. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల మూలమున తమ వాడలలో జ్ఞానవ్యాప్తికై పాటుపడిరి, పాఠశాలలు పెట్టించిరి, దేవదాసి, జోగినీ ఆచారములను మాన్పింప యత్నించిరి. (ఆ యాచారమును నిషేధించు చట్టము ఆంధ్రప్రదేశమున 1988లో వచ్చెను.) 1917లో బెజవాడయందు పంచమ మహాజనసభకు అధ్యక్షులై, 'పంచమ' శబ్దమునకు శాస్త్రములలో చోటెక్కడిదని ప్రశ్నించి, తమవారు ఈ దేశపు ఆదినివాసులని వాదించిరి. ఆ సభ ఆది ఆంధ్ర మహాజనసభ యయ్యెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము వారిని ఆదిహిందువులుగా వ్రాసికొనెను. పేరు మాఱిన కడుపు నిండునా యని మీరడుగవచ్చును. నిండదు. కాని యెవరో తన్ను 'అయిదవవాఁడు' అని లెక్కించుటకును, తన పేరు తానే చెప్పుకొనుటకును గల భేదమును, పెండ్లినాఁడే పేరు మార్పఁబడిన స్త్రీలకు నేను వేఱుగ జెప్పనక్కఱలేదు.

అమెరికాలో రోజా పార్క్సు అను నల్లజాతి స్త్రీ బస్సులో తన చోటు విడువనన్నది 1955 డిసెంబరులో. ఆ యేఁడే మన దేశమున అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. దానికే 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. ఈ మార్పు నాకు చాల నచ్చినది. దయ యిచ్చువారి యిష్టముపై నాధారపడును, తలఁచినపుడు తీసివేయవచ్చును, హక్కట్లు కాదు. అచ్చట మేనిరంగు చెప్పుదానిని ఇచ్చట ఇంటిపేరును, ఊరును చెప్పును, రెంటికిని భేదమంతయే. మనవారు సముద్రములు దాఁటినను ఇంటిపేరు వెంటఁ బోయినది గాఁబోలు, 2023లో సియాటిలు నగరము కులవివక్షను నిషేధింపవలసి వచ్చెను.

చట్టము చాలునా? అప్పటి ప్రకాశము జిల్లా కారంచేడులో 1985 జూలైలో, మాదిగవాడవారు త్రాగునీరు గొనిపోవు చెఱువును భూస్వాముల యువకులు మైలపఱచుచుండఁగా, ఒక స్త్రీ యడ్డుచెప్పెను. కొట్టవచ్చినవారిపై తన బిందెను ఎత్తెను. మఱునాఁడు, 17వ తేదీన, వాడపై పడి ఆఱుగురిని చంపిరి. నీటికి బిందె పట్టుకొని పోవు మనము ఈ కథను రాజకీయమని ప్రక్కకు నెట్టరాదు. ఆమె యడిగినది నీరు మాత్రమే కాదు. అడుగుటకు తనకు హక్కు కలదని ఆమె తలఁచెను. చంపినవారికి సహింపరానిది అదియే.

ఇఁక మా గ్లాసు సంగతి. దానిని తక్కిన గ్లాసులలో కలిపివేసితిని. మఱునాఁడు పనియామె కిటికీయొద్ద వెదకి, "అమ్మా, నా గిలాస ఏడ వోయింది?" అనెను. ఏదైనను తీసికొమ్మంటిని. ఆమె కొంతసేపు నిలిచి నా మొగము చూచి, ఆ దినము కాఫీ వద్దని, అంట్లు ముగించుకొని వెడలిపోయెను. నాలవ దినమున మా చిన్నదే కాఫీ కలిపి, రెండు గ్లాసులతో ఆమె ప్రక్కన కూర్చుండెను. ఆమె త్రాగెను, కాని లేచునపుడు రెండు గ్లాసులను తానే కడిగెను.