పూలు చల్లింది చాలు, ఎఫ్ఐఆర్ రాయిద్దాం!



ఎక్కడ ఘోరం జరిగినా మన నోట ముందు వచ్చే మాట ‘ఎన్‌కౌంటర్ చెయ్యాలె’. టీవీల్లో అదే, వాట్సాప్ గ్రూపుల్లో అదే, కొవ్వొత్తుల ర్యాలీల్లోనూ అదే. కోపం న్యాయమైనదే. డ్యూటీ నుంచి బిడ్డ తిరిగొచ్చేదాకా గుమ్మంలో కూర్చునే తల్లికి కోపం రాకుంటే ఇంకెవరికి వస్తుంది? అయితే ఆ కోపాన్ని ఎవరి మీదికి, ఎటు తిప్పాలన్నది తేల్చుకోవాలి. ఈ కరపత్రం అందుకే.

2019 నవంబర్ 27 రాత్రి. శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్. దిశ అని మనం పిలుచుకున్న ఆ పశువైద్యురాలు చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. తర్వాత ఫోన్ స్విచ్ఛాఫ్. ఇంటివాళ్లు పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తితే విన్నది ‘ఇది మా పరిధి కాదు’ అని. ఇక ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరగడం. మరునాడు పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన శరీరం దొరికింది. ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. వెంటనే కదిలి ఉంటే ఆమె బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. కానీ బిడ్డ కనపడడం లేదని ఏడుస్తూ వచ్చిన తండ్రికి హద్దుల లెక్క చెప్పే స్టేషన్ మనకెందుకు?

ఆ ప్రశ్న గట్టిగా అడిగేలోపే డిసెంబర్ 6 వచ్చింది. తెల్లవారుజామున అదే చటాన్‌పల్లిలో, ఆమె హత్య కేసులో పట్టుబడ్డ నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. ఆ రోజు చప్పట్లు కొట్టని వీధి హైదరాబాద్‌లో తక్కువే. ‘మా పరిధి కాదు’ అన్న మాట ఆ పూల కింద పడి కప్పుకుపోయింది.

తర్వాత ఏమైంది? సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే నిందితుల మీద కాల్పులు జరిపారని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లేనని కూడా కమిషన్ చెప్పింది. వ్యవహారం హైకోర్టుకు చేరింది. ఇక దిశ కేసు సంగతా? నిందితులే లేరు గనుక ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యాలతో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. ఆ తల్లిదండ్రులకు దక్కాల్సిన తీర్పు దక్కకుండానే పోయింది.

నలుగురు పోతే మిగతావాళ్లకు భయం పుడుతుందంటారు. వరంగల్‌లో 2008 డిసెంబర్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురినీ ఇలాగే కాల్చారు. భయం పుట్టే ఉంటే పదకొండేళ్ల తర్వాత శంషాబాద్ ఎందుకు జరిగింది?

ఇంకో సంగతి మనలో చాలామందికి గుర్తు లేదు. శంషాబాద్‌కు మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిల్లర సామాను అమ్ముకునే దళిత మహిళను సామూహిక అత్యాచారం చేసి చంపారు. ఆమెకూ సమత అని పేరు పెట్టారు. కానీ ఆమె కోసం నగరంలో రోడ్లు స్తంభించలేదు, ఎవరూ పూలు కొనలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న, రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే, ముగ్గురినీ దోషులుగా తేల్చి మరణశిక్ష వేసింది. (ఉరి ఉండాలా వద్దా అని మాలోనే వాదన ఉంది, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.) చార్జిషీటు వేశారు, సాక్షులను విచారించారు, తీర్పు చెప్పారు. అంటే ప్రభుత్వం తలుచుకుంటే కోర్టు పరిగెత్తగలదు! పేదరాలి కేసులో ఒకసారి చేసి చూపించిన పని ప్రతి కేసులో ఎందుకు చేయరు?

‘దొరికినవాణ్ణి అక్కడే కాల్చాలి’ అనే తమ్ముళ్లకు ఒక్క మాట. దొరికినవాడే చేసినవాడని ఎవరు చెప్పారు? 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకున్నారు. అతను కాదని బిడ్డను పోగొట్టుకున్న తల్లే మొత్తుకుంది. ఎవరూ వినలేదు. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది. మనం కోరినట్టు కాల్చి ఉంటే? మెదక్ సంగతి ఇంకా దగ్గరిది. 2023లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనపడ్డ మనిషిలా ఉన్నాడని ఒక కూలీని పట్టుకెళ్లారు. పోలీసులు కొట్టారని వీడియోలో చెప్పి, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో అతను చనిపోయాడు. ఇలాంటి పోలిక ఎప్పుడూ బంజారాహిల్స్ బంగళాల్లో ఉండేవాళ్లకు కలవదు. మన బస్తీ పిల్లలకే కలుస్తుంది.

పోలీసుల మీద పగతో రాస్తున్నది కాదిది. కానిస్టేబుళ్లు మన ఇళ్ల పిల్లలే. బందోబస్తుకూ వాళ్లే, వీఐపీ కాన్వాయ్‌కూ వాళ్లే, దర్యాప్తుకూ వాళ్లే. సెలవు దొరకదు, నిద్ర ఉండదు. కేసు సాక్ష్యంతో నిలబెట్టేంత సిబ్బందిని, ఫోరెన్సిక్ సదుపాయాన్ని ఇవ్వని ప్రభుత్వం తుపాకీ మోతతో మనల్ని సంతోషపెడుతోంది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 రోజుల్లో శిక్ష అంటూ 2019 డిసెంబర్‌లో దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది చట్టం కాలేదు. ప్రచారం మాత్రం ఘనంగా జరిగింది.

కొత్త చట్టం రాకముందే మన చేతిలో ఉన్నవేమిటో తెలుసుకుందాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎస్సై రాయనంటే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకుంటే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకు చెప్పాలి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి రికార్డు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లోనే ఆదేశించింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి విడిగా అథారిటీ ఉండాలని 2006లోనే చెప్పింది. అది ఏ భవనంలో ఉందో మీలో ఎంతమందికి తెలుసు?

అందుకే అడుగుదాం: జీరో ఎఫ్ఐఆర్ హక్కును తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో రాసి స్టేషన్ గేటు మీద పెట్టాలి. కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో బస్తీ ప్రతినిధులకు చూపించాలి. మహిళలపై నేరాల కేసులకు ప్రత్యేక కోర్టు, పూర్తికాలం ప్రాసిక్యూటర్ కావాలి. ఫిర్యాదుల అథారిటీ చిరునామా, ఫోన్ నంబరు ప్రతి స్టేషన్ గోడ మీద ఉండాలి.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన బస్తీ కమ్యూనిటీ హాల్లో కూర్చుందాం. అక్కడి నుంచి అందరం కలిసి స్టేషన్‌కు వెళ్లి వినతిపత్రం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. ఏ స్టేషన్‌లోనైనా ‘మా పరిధి కాదు’ అనిపించుకున్నవాళ్లు తేదీ, టైము, తిప్పి పంపినవారి హోదా కాగితం మీద రాసుకుని రండి. ఆడవాళ్లు ముందు వరుసలో నడవండి, పిల్లల్నీ వెంట తెచ్చుకోండి.

— బస్తీ మహిళలు, యువకులు
(చదివాక పారేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి)