పక్కటెముకలకు తొందర పనికిరాదు



పండుగ దినములు వస్తే మన ఇళ్ళలో కోడికీ మేకకూ కొదువ ఉండదు. పల్లెల్లో పుట్టి పెరిగిన మనలో అనేకులకు పంది మాంసము కూడా చిన్ననాటి నుండి ఎరిగిన రుచే. దాని పక్కటెముకలను ఇంటి ఓవెన్‌లో మెత్తగా, తీపికారముగా కాల్చుకొను విధమును ఈ నెల తెలియజేస్తున్నాము. ముందుగా మా ఇంట జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఈ వంటకు కావలసిన అసలు పాఠము అందులోనే ఉన్నది.

మేము పల్లె విడిచి పట్నం వచ్చిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరిగాము. రెండు ఇళ్ళవారు “మీరు ఏమేమి తింటారు?” అని అడిగి, జవాబు విన్న తరువాత ఇల్లు లేదన్నారు. మూడవ ఇంటివారు ఏమీ అడుగలేదు. అయినా ఆ బెరుకు మా మనసులో ఉండిపోయింది. ఒక పండుగకు ఊరి నుండి మా మామగారు వచ్చినప్పుడు కిలో పక్కటెముకలు తెచ్చాము. వాసన బయటికి పోకూడదని కిటికీలు మూసి, త్వరగా ముగించాలని ఓవెన్ వేడి పూర్తిగా పెంచి, ముప్పావు గంటలో దించాము. పైన నల్లగా మాడింది, లోపల తోలులా సాగింది. మామగారికి అప్పటికే పళ్ళు సగమే ఉన్నాయి. ఒక ముక్క నోట పెట్టుకొని, కొంతసేపు నమిలి, నెమ్మదిగా పళ్ళెము అంచున పెట్టారు. మేము సిగ్గుపడితే, “బిడ్డా, పొయ్యి తొందరపడ్డది గని మాంసం తొందరపడదు” అన్నారు. అంతకంటె ఒక్క మాట అనలేదు. పచ్చి పులుసు పోసుకొని అన్నం తిన్నారు.

ఆయన మాట అక్షరాల నిజము. పక్కటెముకల చుట్టూ ఉండే మాంసములో నార ఎక్కువ. కొల్లాజెన్ అనే ఆ నార 70 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత తడి వేడిలో మెల్లమెల్లగా కరిగి జిగురుగా మారుతుంది. పాయా చల్లారితే గిన్నెలో గడ్డ కట్టేది ఆ జిగురే. ఇది గంటలతో అయ్యే పని. మంట పెంచితే నార కరగక ముందే మాంసములోని నీరు ఆవిరైపోయి ముక్క బిగుసుకుంటుంది. కాబట్టి మెత్తదనము మసాలాలో లేదు, సమయములో ఉన్నది.

బార్బెక్యూ అనే పేరు విని ఇది దొరల వంట అనుకోవద్దు. కరీబియన్ దీవుల మూలవాసులు మాంసమును నిప్పుల పైన కట్టెల చట్రము మీద ఉంచి కాల్చేవారు. ఆ చట్రము పేరు నుండే ఈ మాట వచ్చిందంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ వంటకు గొప్ప పేరు తెచ్చినవారిలో బానిసత్వములో మగ్గిన నల్లజాతి వంటవారు ముఖ్యులు. మంచి కండ యజమానులకు పోగా ఎముకలు, కాళ్ళు, తలకాయ తమ పాలికి వచ్చినవారు, వాటిని సన్నని సెగ మీద ఓపికతో మెత్తబరచడం నేర్చుకున్నారు. మన పెద్దలు చేసినదీ అదే గదా!

మాంసము కొనేటప్పుడు

షెడ్డులో కట్టి, మంచి దాణా పెట్టి పెంచిన తెల్ల సీమపంది మాంసము కొనండి. వీధులలో, మురుగులో తిరిగే పందులది వద్దు. ముక్క లేత గులాబీ రంగులో ఉండాలి, కొవ్వు తెల్లగా ఉండాలి, దుర్వాసన ఉండకూడదు. కండ మధ్య బియ్యపు గింజంత, శనగ గింజంత తెల్లని నీటి బుడగలు కనబడితే ఎంత చౌకగా ఇచ్చినా కొనవద్దు. అవి బద్దెపురుగు పిల్లలున్న తిత్తులు.

కావలసినవి (నలుగురికి)

పక్కటెముకలు 1 కిలో (విడగొట్టకుండా పలకగా), అల్లం వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, కారం 1½ చిన్న చెంచాలు, మిరియాల పొడి 1 చిన్న చెంచా, ఉప్పు 1½ చిన్న చెంచాలు.

పైపూతకు: టమాటాలు 4, ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 4, బెల్లం తురుము 3 పెద్ద చెంచాలు, వెనిగర్ 2 పెద్ద చెంచాలు (లేనిచో చిక్కని చింతపండు రసం), ఆవపొడి 1 చిన్న చెంచా, నూనె, ఉప్పు, కారం తగినంత.

చేయు విధానము

పలకను తిరగవేస్తే ఎముకల వైపు కాగితములాంటి పొర కనబడుతుంది. చెంచా కాడతో ఒక మూల లేపి, పొడి గుడ్డతో పట్టుకొని లాగితే ఊడివస్తుంది. ఈ పొర ఉంటే ఉప్పుకారము లోనికి దిగదు, తినేటప్పుడు పంటికి అడ్డుపడుతుంది. తరువాత మసాలాలన్నీ రెండు వైపులా రుద్ది ఫ్రిజ్‌లో రాత్రంతా, వీలుకాకపోతే రెండు గంటలైనా ఉంచండి.

ఓవెన్‌ను 150 డిగ్రీల వద్ద పది నిమిషాలు వేడి చేయండి. ట్రేలో ఎముకల వైపు క్రిందికి ఉండేలా పలకను పెట్టి, అర కప్పు నీళ్ళు పోసి, అల్యూమినియం రేకును రెండు పొరలుగా కప్పి అంచులు గట్టిగా నొక్కండి. ఆవిరి బయటికి పోకూడదు. రెండున్నర గంటలు కదిలించవద్దు. (ఈ రేకు కప్పే పద్ధతి రాడ్లు ఉన్న మామూలు ఓవెన్‌కు మాత్రమే. మైక్రోవేవ్‌లో పెట్టరాదు.)

ఈలోగా టమాటా, ఉల్లి, వెల్లుల్లి నూనెలో మగ్గించి, రుబ్బి, మిగిలినవి కలిపి చిక్కబడేవరకు ఉడికించండి.

రేకు తీసి చూస్తే మాంసము వెనుకకు జరిగి ఎముకల కొనలు అర అంగుళము బయటపడి ఉండాలి. కత్తి మొన ఆగకుండా దిగాలి. లేనిచో మరల కప్పి ఇంకొక అరగంట ఉంచండి. ట్రేలోని రసములో పైన తేలిన కొవ్వు తీసివేసి, మిగిలినది పైపూతలో కలపండి. పలకకు పూత రాసి, 200 డిగ్రీల వద్ద పది నిమిషాలు, మరల రాసి ఇంకొక పది నిమిషాలు కాల్చండి. బెల్లము త్వరగా మాడుతుంది గనుక పూతను చివరనే వేయాలి. బయటికి తీసి పది నిమిషాలు ఆరనిచ్చి ఎముకకు ఒక ముక్కగా కోయండి.

ఓవెన్ లేని ఇళ్ళలో

కుక్కర్‌లో నీటి వేడి సుమారు 120 డిగ్రీల వరకు పోతుంది గనుక నార త్వరగా కరుగుతుంది. ఉప్పుకారము పట్టించిన ముక్కలను ఒక గ్లాసు నీటితో పెట్టి, మొదటి కూత తరువాత సన్నని సెగ మీద ఇరవై అయిదు నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే తగ్గనివ్వండి. పిమ్మట పూత రాసి, నిప్పుల పైన జాలీ మీద గాని, మందమైన పెనము మీద గాని రెండు వైపులా ఎర్రగా కాల్చండి.

పిల్లలున్న ఇంటివారికి ఒక మాట

సరిగా ఉడకని పంది మాంసము వలన కడుపులో బద్దెపురుగు చేరుతుంది. ఆ పురుగు ఉన్న మనిషి మలములో దాని గుడ్లు ఉంటాయి. అవి నీటి ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా, మురికి చేతుల ద్వారా మరొకరి కడుపులోనికి పోతే తిత్తులు మెదడుకు చేరి మూర్ఛ రావచ్చు. పంది మాంసము ఎన్నడూ ముట్టనివారికి కూడా ఇలా రావచ్చు. ఈ వ్యాధి ప్రబలిన అనేక ప్రాంతాలలో మూర్ఛ కేసులలో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బిడ్డకు ఫిట్స్ వస్తే గాలి సోకిందని, శాపమని కాలము వృథా చేయక ఆస్పత్రికి తీసుకొని వెళ్ళండి. దీనికి మందులున్నాయి. మాంసము పూర్తిగా ఉడికించుట, మరుగుదొడ్డి వాడుట, సబ్బుతో చేతులు కడుగుట, ఈ మూడూ ఇంటికి కావలి. పచ్చి మాంసము కోసిన కత్తినీ పీటనూ వెంటనే కడగండి.

అతిథులను పిలిచినప్పుడు ముందే చెప్పి వడ్డించండి. మన సంఘములలోనే ఇది తినని కుటుంబాలున్నాయి. రోమా పత్రిక 14వ అధ్యాయము ఒకసారి చదివితే, ఏమి తినాలో కంటె తోటివారిని ఎలా గౌరవించాలో తెలుస్తుంది.

తరువాత మేము బడంగ్‌పేట్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాము. మామగారు మరల వచ్చినప్పుడు పక్కింటివారికి ముందే చెప్పి, కిటికీలు తెరిచి, మూడు గంటలు వండాము. వాసన వీధి చివరి దాకా పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మామగారు ఎముక పట్టి లాగితే మాంసము పళ్ళెములోనే నిలిచిపోయింది. ఆయన నాలుగు ముక్కలు తిన్నారు. దాచుకొని వండినది ఎందుకు మెత్తబడలేదో మాకు ఆ రోజు తెలిసింది.