ఏనుగుల లెక్కా, లెక్కపెట్టే మనిషీ

2025 అక్టోబర్‌లో మన దేశపు అడవి ఏనుగుల కొత్త లెక్క వచ్చింది: 22,446. 2017లో 27,312. ఇంకేం, ఐదువేల ఏనుగులు ఏమైపోయాయంటూ గగ్గోలు. పద్ధతి మారింది కాబట్టి పాతదాంతో పోల్చొద్దని లెక్కేసిన భారత వన్యప్రాణి సంస్థే చెప్పింది. టూలు మార్చేసి, పాత రిపోర్టు పక్కన పెట్టుకుని పెర్ఫార్మెన్స్ పడిపోయిందంటామా మనం? (అనే మేనేజర్లూ ఉన్నార్లెండి.)

ఈసారి డీఎన్‌ఏ వాడారు కాబట్టి తిరుగులేదని మనవాళ్ళ ధీమా. నాకంత ధీమా లేదు. ఆ డీఎన్‌ఏ దొరికేది అడవిలో, ఏనుగు లద్దె మీద. 21,056 నమూనాలు ఏరుకొస్తే వాటిలో 4,065 ఏనుగుల్ని విడివిడిగా గుర్తుపట్టగలిగారు. ఏరేవాడికి తాజా లద్దె ఏదో తెలియాలి. పేగుల కణాలు అంటుకునేది పైపొరకే, అదే తీయాలి. రెండు లద్దెలకి ఒకే పుల్ల వాడాడా, రెండేనుగులూ కలగాపులగం. తర్వాత ల్యాబులో ఎంత మంచి మెషినున్నా ఏం లాభం?

కంటితో చూసి రాసేది ఇంకా కష్టం. దంతాల్లేకపోతే ఆడదని రాసేస్తారు కొత్తవాళ్ళు. దంతాల్లేని మగవీ ఉంటాయి, మఖ్నా అంటారు. తల, తొండం మొదలు, ఒంటి తీరు చూసి తేల్చుకోవాలి. దీనికి ఏ యాప్‌లోనూ వాలిడేషన్ పెట్టలేం. అసలు ఏనుగు కనపడకపోయినా, ముందుకాలి అడుగు చుట్టుకొలతని రెండింతలు చేస్తే దాదాపుగా భుజం ఎత్తు వస్తుంది, దాన్నిబట్టి వయసు అంచనా కట్టొచ్చు. కావల్సింది ఓ టేపు, నేర్పే మనిషి.

మన చిత్తూరు జిల్లా సంగతే చూడండి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటకల వైపు నుంచి ఏనుగులొచ్చాక, 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. పలమనేరు, కుప్పం వైపు పొలాల్లో పంటలు పోతున్నాయి, మనుషులు పోతున్నారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోతున్నాయి. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని తెచ్చారు. మంచిదే, ఫొటోలూ బాగా వచ్చాయి. కానీ ఏ ఏనుగు ఏ దారిన దిగుతుందో, ఏది ఒంటరి మగదో తెలిసిన ట్రాకరుంటేనే కదా ఊరికి ముందు కబురందేది!

ఆ ట్రాకర్లూ వాచర్లూ చాలామంది రోజుకూలీలో, ఔట్‌సోర్సింగో. నేర్చుకున్నవాడు మానేస్తే ఆ విద్యా వాడితోనే పోతుంది. మన దగ్గర ఒకడు పేపర్లేస్తే కేటీ అని రెండు వారాలు కూర్చోబెడతామే, అక్కడ అదీ లేదు. ఇంకో యాప్‌కి పెట్టే డబ్బుతో వాళ్ళని పర్మనెంట్ చేసి, ఏటా కొత్తగా శిక్షణ ఇవ్వమంటాను నేను. ఒకే మందని ఇద్దరిచేత విడివిడిగా రాయించి పోల్చి చూడండి, ఎవరికి ఎక్కడ నేర్పాలో అక్కడే తేలిపోతుంది.