ముక్కను రెండు సీసాల్లో పంపండి

కడుపులో గడ్డ తీసే సర్జన్లందరికీ ఒక పాథాలజిస్టుగా నాదొక్కటే విన్నపం. తీసిన ముక్కను రెండు సీసాల్లో పంపండి. ఒకటి ఫార్మలిన్‌లో, ఇంకొకటి ఉత్త సెలైన్‌లో. సెలైన్ సీసా ఆలస్యం కాకుండా ల్యాబుకు చేరాలి.

ఆ మధ్య మా ల్యాబుకు ఒక పెద్దపేగు ముక్క వచ్చింది. స్లిప్పు మీద 'క్యాన్సర్' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పేగు గోడ మందంగా, గట్టిగా ఉంది. చేతికి అచ్చం క్యాన్సర్ గడ్డలాగే తగిలింది. మైక్రోస్కోపు కింద చూస్తే క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. ఎటు చూసినా ఇస్నోఫిల్ అనే తెల్ల రక్తకణాలే. వాటి మధ్య వెడల్పాటి ఫంగస్ పోగులు, ఒక్కో పోగు చుట్టూ ముదురు గులాబీ తొడుగు. బాసిడియోబోలస్ అనే ఫంగస్ అనిపించింది. కల్చర్ చేసి, అంటే ల్యాబులో పెంచి తేల్చుదామంటే ముక్క మొత్తం ఫార్మలిన్‌లో మునిగి ఉంది. అందులో ఏ ఫంగసూ బతకదు.

బాసిడియోబోలస్ రానారమ్ కప్పల, బల్లుల పేగుల్లో, వాటి రెట్టల్లో, కుళ్లిన ఆకుల్లో ఉంటుంది. మన దక్షిణాదిలో పిల్లలకు తొడల మీద, పిరుదుల మీద గట్టి వాపుగా కనిపిస్తుంటుంది. కడుపులో రావడం అరుదు. అమెరికాలోని అరిజోనాలో 1994-99 మధ్య 7 కేసులు బయటపడ్డాయి. సౌదీలోని అసీర్ ప్రాంతంలో పిల్లల్లోనూ చూశారు. కడుపునొప్పి, బరువు తగ్గడం, స్కాన్‌లో గడ్డ ఉంటే ఎవరైనా ముందు క్యాన్సరే అనుకుంటారు. క్రోన్స్ అనే పేగు వాపు జబ్బనుకుని స్టిరాయిడ్లు ఇస్తే ఫంగస్ ఇంకా ముదురుతుంది. సకాలంలో గుర్తిస్తే ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడి నయం చేయొచ్చు. చాలామందిలో మామూలు రక్తపరీక్షలోనే ఇస్నోఫిల్స్ బాగా పెరిగి ఉంటాయి. ఆ అంకెను ఎలర్జీ ఖాతాలో వేసి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇంత అరుదైన జబ్బుకు రెండో సీసా ఎందుకని అడగొచ్చు. మన దగ్గర కడుపు టీబీ అరుదు కాదుగా! అదీ పేగులో గడ్డ కట్టి క్యాన్సర్‌ను తలపిస్తుంది. ఆడవాళ్లలో పొట్టలో నీరు చేరి, రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్ పెరిగి అండాశయ క్యాన్సరేమో అనిపిస్తుంది. టీబీ కల్చర్‌కూ ఆ సెలైన్ ముక్కే కావాలి. రెండో సీసాకయ్యే ఖర్చు ఆపరేషన్ బిల్లులో ఓ మూలకు కూడా రాదు.

రోగి తరఫువాళ్లు కూడా సంతకం పెట్టేముందు 'డాక్టరుగారూ, ముక్కను కల్చర్‌కు కూడా పంపుతారా?' అని అడగండి. బయాప్సీ రిపోర్టు రాకముందే ఎవరైనా కీమో మాట ఎత్తితే, ముందు ఆ రిపోర్టు చూపించమనండి.